నాలుగు బాత్రూముల ఫ్లాటు దాకా

మూసాపేటలో పదేళ్లుగా ఉంటూ హైటెక్ సిటీని సరిగ్గా చూడలేదంటే మా కడప చుట్టాలు నమ్మరు. టీచరుగా రిటైరయ్యాక ఆ లోటు తీర్చుకుందామని ఒక మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి మెట్రో ఎక్కాను. బయల్దేరే ముందు బీపీ మాత్ర వేసుకున్నాను. ఒంట్లో నీరు తీసేసే మాత్ర అది. జరిగినదానికంతా అదే మూలం.

అమీర్‌పేటలో రైలు మారి పదిన్నరకు రాయదుర్గంలో దిగాను. స్టేషన్లో టాయిలెట్ బోర్డు కనిపించింది. అప్పటికి అవసరం లేదు కాబట్టి దాటుకుంటూ వచ్చేశాను. నా తర్వాత వచ్చేవాళ్లు ఆ పొరపాటు చేయకండి.

నానక్‌రామ్‌గూడకు షేర్ ఆటో దొరికింది. పక్కన కూర్చున్న ఐటీ అమ్మాయి అద్దాల మేడలు చూపిస్తూ, "లోపలికెళ్తే అన్నీ ఉంటాయి ఆంటీ. జిమ్ కూడా ఉంది" అంది. ఆ 'లోపల' అన్న మాట విలువ నాకు పదకొండున్నరకు తెలిసింది.

మొదటి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, "ఎవర్ని కలువాలె అమ్మా?" అన్నాడు. ఎవర్నీ కాదని, నా అవసరం చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "పాస్ లేకుంటే పంపరాదు. నేనైతే గోడ పక్కకు పోత. మీరెట్ల పోతరు? ఆ మూలకు డబ్బా ఉంది, జర చూడుండ్రి."

మూలన నీలంరంగు టాయిలెట్ డబ్బా ఉంది. దానికి తాళం ఉంది. తాళం పైన ఒక ప్రకటన అతికించి ఉంది: 'మూడు పడకగదులు, నాలుగు బాత్రూములు. మోడల్ ఫ్లాటు మూడు వందల మీటర్లలో.' ఆ క్షణాన నేను ఫ్లాటు కొనాలని నిర్ణయించుకున్నాను.

మోడల్ ఫ్లాటులో రూతు అనే పాతికేళ్ల అమ్మాయి ఎదురొచ్చింది. మెడలో చిన్న సిలువ, ముఖాన చెరగని నవ్వు. పుస్తకంలో నా పేరు, ఫోన్ నంబరు రాయించుకుంది. "ముందు కాసిని మంచినీళ్లు తాగండి మేడమ్" అంటూ సీసా అందించింది. నేను దణ్ణం పెట్టాను. హాలు చూపించింది, బాల్కనీ చూపించింది, పూజగది దిక్కు వివరించింది.

"బాత్రూములు చూస్తానమ్మా" అన్నాను. చూపించీ చూపించగానే లోపలికి దూరి గడియ పెట్టుకున్నాను. పాలరాయి మెరిసిపోతోంది. కమోడ్ మూతకు అడ్డంగా టేపు, మీద 'చూడడానికి మాత్రమే' అన్న కాగితం. కుళాయి తిప్పితే గాలి కూడా రాలేదు.

బయటికొచ్చి, "ఇంకోటి చూపించు" అన్నాను.

"నాలుగూ అంతేనండి. పైపులైను ఇవ్వలేదు."

ఇక దాచలేక నిజం చెప్పేశాను. ఆమె ముఖాన ఆ నవ్వు పోయి మామూలు ముఖం వచ్చింది. "ముందే చెప్పొచ్చు కదండీ! రండి, నేనూ అక్కడికే వెళ్తాను."

మేడల వెనక పాత ఊరు ఇంకా ఉంది. సందులో యాదమ్మగారి ఒంటిగది ఇల్లు, వాకిట్లో రేకు తలుపు మరుగుదొడ్డి. ఆమె నన్ను ఏమీ అడగలేదు. "పో అమ్మా. గొళ్లెం పడదు, నేను అడ్డం నిలబడ్త" అంది. ఈ యాత్రలో నేను చూసిన దర్శనీయ స్థలం అదొక్కటే.

తర్వాత యాదమ్మగారు ఇద్దరికీ గ్లాసుల్లో నీళ్లిచ్చింది. నేను గటగటా తాగేశాను. రూతు పెదాలు తడుపుకుని గ్లాసు గట్టు మీద పెట్టింది.

"తాగు బిడ్డా. మల్ల వస్తె వస్తవు, నా ఇల్లేమన్న అరుగుతదా?"

రూతు నా వైపు తిరిగి, "రోజుకొక్కసారే వస్తానండి. మాటిమాటికీ ఈవిణ్ణి ఏం ఇబ్బంది పెడతాం?" అంది. వచ్చినవాళ్లందరికీ నీళ్ల సీసా అందించే పిల్ల. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో రాయదుర్గం స్టేషన్లో ఆ బోర్డును ఈసారి దాటిపోలేదు. రెండున్నరకు రైల్లో కూర్చుని, హైటెక్ సిటీ ఎలా ఉందని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఫోన్ మోగింది. రూతు. పక్కన మేనేజరు ఉన్నట్టున్నాడు, గొంతులో మళ్లీ ఆ నవ్వు.

"మేడమ్, మన ఫ్లాటు నచ్చిందా అండి?"

"నచ్చిందమ్మా. నీళ్లు తాగావా?"

రూతు గొంతు తగ్గించి అంది:

"ఇంకెంతండీ, ఏడింటికి ఇంటికెళ్లి తాగుతాను."