ఎల్లారెడ్డి పెట్టె మాట్లాడని మధ్యాహ్నం

ఎల్లారెడ్డిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మిలిటరీ మేడం వచ్చింది, పెట్టె బంద్ చేసి మళ్ళీ చాలు చేసింది, పాము కరిచిన అవ్వను బతికించింది అని. ఇందులో మిలిటరీ మేడం రావడం ఒక్కటే నిజం. పెట్టెను నేను బంద్ చేయలేదు. చేయొద్దని మా కమాండర్‌తో అందరి ముందూ గొడవపడ్డాను. ఆమె అవ్వ కాదు, నలభై కూడా నిండలేదు. బతికించింది నేను కాదు. పెళ్ళిళ్ళలో, బస్టాండులో నన్ను ఆపి నా కథ నాకే తప్పుగా వినిపించే పెద్దమనుషుల కోసం ఇది రాస్తున్నాను.

కామారెడ్డి నుంచి తెల్లవారుజామున బయలుదేరాం. రెండు ట్రక్కులు, ఒక జీపు, రెండు రబ్బరు బోట్లు. వాన ఆగలేదు. ఒకచోట రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. డ్రైవర్ దిగి కర్రతో లోతు చూసుకుంటూ ముందు నడిచాడు, జీపు నేను నడిపాను. ఆరూ నలభైకి ఎల్లారెడ్డి చేరాం. నాది రామారెడ్డి. ఇరవై ఏళ్ళ సర్వీసులో మంచు కొండలు చూశాను, ఇసుక చూశాను. డ్యూటీ మీద సొంత జిల్లాకు రావడం అదే మొదటిసారి. సంతోషమా అని అడుగుతారు. తడిసిన బూట్లతో ఎవరికీ సంతోషం ఉండదు.

బోట్లు, వాటిని నడిపే జవాన్లు దళం కమాండర్ కింద. మాటలు చేరవేసే పని నాది. నా కింద ముగ్గురు: ఆపరేటర్, లైన్‌మన్, డ్రైవర్. ఆపరేటర్‌ది బీర్కూర్. మిగతావాళ్ళు హిందీ మాట్లాడేవాళ్ళు. వాళ్ళ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఒక ప్రభుత్వ కార్యాలయం పై అంతస్తులో మాకు గది ఇచ్చారు. సెల్‌ఫోన్లు అప్పటికే పోయాయి. మా వైర్‌లెస్ సెట్ల మాట గుట్ట దాటదు. గుట్ట మీద ఒక టవర్ ఉంది. అక్కడిదాకా మాటను ఫైబర్ తీగ మీద పంపితే, టవర్ దాన్ని వాగులో ఉన్న బోట్లకు అందిస్తుంది. మాటను ఆ తీగలోకి ఎక్కించే నెట్‌వర్క్ పెట్టె ఆ గదిలో గోడకు ఉంది. దళసరి పుస్తకమంత ఉంటుంది. ముందువైపు వరసగా తొర్రలు, దాదాపు ప్రతి తొర్రకూ ఒక వైరు. కామారెడ్డిలో కూర్చున్న ఒక ఇంజనీరు, ఫోన్లు పోకముందే, మా టవర్‌కు దారిని ఆ పెట్టెలో రాశాడు. ఎనిమిదికల్లా బోట్లతో మాట్లాడుతున్నాం.

పదకొండుకు కింది గదుల్లోకి నీళ్ళు వచ్చాయి. కార్యాలయం వాళ్ళు కంప్యూటర్లన్నీ పైకి మోసుకొచ్చి, చేతికందిన వైర్లు చేతికందిన చోట పెట్టుకున్నారు. పదకొండూ ఇరవైకి పెట్టె మూగబోయింది. లైట్లన్నీ వెలుగుతున్నాయి. మామూలుగా అయితే ఒకదాని తర్వాత ఒకటి మిణుకుమంటాయి. అప్పుడు అన్నీ ఒకేసారి, ఊపిరాడనట్టు కొట్టుకుంటున్నాయి. లాప్‌టాప్ నుంచి పలకరిస్తే జవాబు లేదు.

పన్నెండుకు సాయిలు వచ్చాడు. ఒళ్ళంతా బురద, చంకలో ఖాళీ ప్లాస్టిక్ క్యాను. దాన్ని పట్టుకునే వాగు ఈదాడు. అవతల వాళ్ళ ఊరు మునిగింది. జనమంతా బడి స్లాబు ఎక్కారు. అక్కడ వాళ్ళ వదిన పోశవ్వను పాము కరిచింది.

"ఎంతసేపయింది?" అన్నాను.

"నేను నీళ్ళల్ల దిగేటప్పటికే గంట అయి ఉంటది మేడం. కాలు ఉబ్బింది. కండ్లు మూతలు పడుతున్నయి."

ఒక బోటు పంక్చరై మెట్ల మీద పడి ఉంది. రెండోది కింది ఊళ్ళలో జనాన్ని ఎక్కిస్తోంది. దాన్ని పిలవాలంటే పెట్టె మాట్లాడాలి.

కమాండర్ గోడ దగ్గరికి వచ్చి కరెంటు ప్లగ్గు మీద చెయ్యి పెట్టాడు. "ఆపేసి మళ్ళీ వెయ్యండి."

"వద్దు," అన్నాను.

"మా ఇంట్లో టీవీకి అదే చేస్తాను."

"మరిచిపోవడానికి టీవీ దగ్గర ఏమీ లేదు. దీని దగ్గర మన టవర్ దారి ఉంది. ఆ ఇంజనీరు దాన్ని సేవ్ చేశాడో లేదో నాకు తెలియదు. చేయకపోతే అది పలక మీది రాత. కరెంటు తీస్తే చెరిగిపోతుంది. మళ్ళీ రాయడానికి అతను ఫోన్లో దొరకడు."

"చేసి ఉంటే?"

"చేసి ఉంటే మీరు గెలిచినట్టు. పందెంలో పెట్టేది మాత్రం ఆ స్లాబు మీదున్న మనిషి ప్రాణం."

ఆయనకు కోపం వచ్చింది. చెయ్యి మాత్రం తీశాడు. "అరగంట," అన్నాడు.

ఇలాంటి పెట్టెలకు ఒక పక్కదారి ఉంటుంది. ముందు తలుపులన్నీ మూసుకుపోయినా దొడ్డిదారి తెరిచే ఉంటుంది. కన్సోల్ పోర్టు అంటారు. దానికి వేరే రకం కేబుల్, లాప్‌టాప్‌కు ఒక్కదానికే. ఆపరేటర్ కేబుల్ పెట్టాడు. తెర నల్లగా ఉంది. ఎంటర్ కొట్టాడు. ఏమీ రాలేదు. లాప్‌టాప్ పెట్టెతో మాట్లాడే వేగం మార్చాడు. ఏమీ రాలేదు.

"సచ్చింది మేడం," అన్నాడు.

"చావలేదు. వేగం తప్పయితే పిచ్చి అక్షరాలు వస్తయి. ఏమీ రాకపోతే మాట చేరడం లేదు. ముందు మన దిక్కు చూడు."

సాయిలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "మా వదిన ఆడ సస్తాంటే మీరు ఈడ డబ్బాతోని ముచ్చట పెడ్తున్నరా?"

"డబ్బా మాట్లాడితెనే బోటు మాట్లాడుతది. జర ఆగు."

"ఎంతసేపు ఆగాలె? పాము ఆగుతదా?"

పనిలో పడ్డాను.

లైన్‌మన్ రాగి తీగ ముక్క కత్తిరించి ఇచ్చాడు. కేబుల్‌ను పెట్టెలోంచి లాగి, కొసలో పంపే పిన్నునూ వినే పిన్నునూ ఆ ముక్కతో కలిపాను. ఇప్పుడు మనం పంపింది మనకే తిరిగి రావాలి. ఆపరేటర్ వాళ్ళ ఊరి పేరు కొట్టాడు. తెర మీద బీర్కూర్ వచ్చింది. అంటే లాప్‌టాప్ మంచిదే, కేబుల్ మంచిదే. లోపం పెట్టె నోటి దగ్గరే.

టార్చి వేసి ఆ తొర్రలోకి చూశాను. పసుపుపచ్చగా ఉంది. వేలి గోటితో గీరితే పొడి రాలింది. వాసన చూశాను. అప్పటిదాకా కంప్యూటర్లు మోసి అలసిపోయి మూల కూర్చున్న అటెండరమ్మను పిలిచాను. నా వయసే ఉంటుంది.

"ఏందమ్మా ఇది?"

"పసుపు గద మేడం."

"పసుపని తెలుస్తనే ఉన్నది. ఈడికి ఎట్ల వచ్చింది?"

"దసరాకు ఆయుధ పూజ చేస్తం గద. జీపుకు, కంప్యూటర్లకు, ఆఖరికి తాళంకప్పకు గూడ బొట్టు పెడ్తం. దీన్ని ఇడిచిపెడ్తమా?"

"పెట్టె మీద పెట్టొచ్చు. తొర్రల ఎందుకు?"

"మిగతా తొర్రలల్ల వైర్లున్నయి. ఇదొక్కటే ఖాళీగ ఉన్నది, దేవుని గూడు లెక్క. నూనెల కలిపి మంచిగ పెట్టిన. ఊడిపోవద్దని."

ఊడిపోలేదు. కమాండర్ ఏదో అనబోయాడు. నేను లైన్‌మన్ పట్టకారు వైపు చూశాను. దాని పిడి మీద మా దసరా బొట్టు ఇంకా ఉంది. మా దగ్గర రైఫిళ్ళకూ ట్రక్కులకూ బొట్లు పెట్టి దండం పెట్టనివాడు లేడు. లైన్‌మన్ పట్టకారును మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. కమాండర్ వాచీ చూసుకున్నాడు.

మందుల పెట్టెలోంచి స్పిరిట్ తెప్పించాను. ఆపరేటర్ తన పళ్ళ బ్రష్షు తెచ్చాడు. దాని వెంట్రుకలు సగం కోసి, స్పిరిట్‌లో ముంచి పిన్నుల మధ్య తోమాను. పసుపు ముద్ద కరిగి కారింది. అటెండరమ్మ తన కొంగు చివరను పురిపెట్టి తుడిచింది.

"మీది ఏ ఊరు మేడం? మాట మన దిక్కు లెక్కనే ఉన్నది."

"రామారెడ్డి."

"అయ్యో, మా చిన్నక్కను ఆడ్నే ఇచ్చిండ్రు. ముందుగాల చెప్పొద్దా అక్కా, తిట్టేటప్పుడు జర భయం తగ్గేది."

సాయిలు ఒక్కడే నవ్వలేదు.

కేబుల్ మళ్ళీ పెట్టాం. తెర మీద చుక్కలు, గీతలు, తిరగబడ్డ అక్షరాలు. పిచ్చి రాత. అది చూసి అంత సంతోషపడ్డ రోజు నాకింకోటి లేదు. పిచ్చి రాత అంటే ప్రాణం ఉంది, వేగం తప్పు. ఆపరేటర్ వేగం పెంచాడు. అక్షరాలు కుదురుకున్నాయి.

పాస్‌వర్డ్ అడగలేదు. ఎవరో ఎప్పుడో ఆ దారిన వచ్చి, పని చూసుకుని, తలుపు వేయకుండా వెళ్ళిపోయారు. నా కింద పనిచేసేవాడు అట్లా చేస్తే సెలవు కోసేదాన్ని. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

పెట్టె ఒకటే మాట అరుస్తోంది. పద్నాలుగో పోర్టు, అంటే పద్నాలుగో తొర్ర, పొంగిపోతోందని. నేను కొట్టిన అక్షరం కనపడడానికి రెండు మూడు క్షణాలు పడుతోంది. ముందు మా టవర్ దారి చూశాను. ఉంది. సేవ్ అయిందా అని చూశాను. కాలేదు. తెర కమాండర్ వైపు తిప్పాను. ఆయన చదివాడు, టోపీ తీసి తల తుడుచుకున్నాడు. సేవ్ చేశాను.

"పద్నాలుగు నుంచి బయలుదేరిన వైరు ఎటు పోతుందో పట్టుకో," అన్నాను.

లైన్‌మన్ ఆ వైరును వేళ్ళ మధ్య పట్టుకుని బల్ల కిందికి, కుర్చీల వెనక్కి, వైర్ల కుప్పలోకి పాకుతూ పోయాడు. మళ్ళీ అదే గోడ దగ్గర పైకి లేచాడు. రెండో కొస అదే పెట్టెలో, పదిహేనో తొర్రలో ఉంది. కంప్యూటర్లు పైకి తెచ్చిన హడావిడిలో ఎవరో వేలాడుతున్న కొసను చూసి, పక్కన అప్పుడే వైరు తీసిన ఖాళీ తొర్రను చూసి, అందులో దూర్చారు. పెట్టె అప్పటినుంచి తన మాట తనే విని తనకే జవాబిస్తోంది. వేరేవాళ్ళ మాట దానికి ఎట్లా వినిపిస్తుంది? ఆపి మళ్ళీ వేసి ఉంటే దారి చెరిగేది, అరుపు మాత్రం ఆగేది కాదు.

వైరు పీకాను. లైట్లు నెమ్మదించాయి. ఒకటీ పదిహేను.

"బోటు రెండు, బోటు రెండు, ఇక్కడ ఎల్లారెడ్డి. ఓవర్."

"ఎల్లారెడ్డి, బోటు రెండు. పిలిచి పిలిచి గొంతు పోయింది. భోజనాలయ్యాయా? ఓవర్."

"బడి స్లాబు మీద పాము కరిచిన ఆడమనిషి ఉంది. వెంటనే వెళ్ళండి. ఓవర్."

"ఆమె మా బోటులోనే ఉంది. స్లాబు మీద ఎర్రగుడ్డ ఊగుతుంటే చూసి వెళ్ళాం. అవతలి గట్టుకు తీసుకెళ్తున్నాం, అదే దగ్గర. ఓవర్."

కమాండర్ నా చేతిలోంచి సెట్టు లాక్కున్నాడు. "అటు వద్దు. కల్వర్టు కొట్టుకుపోయింది, ఆ గట్టు నుంచి దవాఖానకు దారి లేదు. తిప్పు. ఎల్లారెడ్డి వైపు రా. అంబులెన్స్ పంపుతున్నాను. ఓవర్."

"తిప్పుతున్నాం. ఓవర్."

సాయిలు అప్పుడు కింద కూర్చున్నాడు. క్యాను ఒళ్ళో పెట్టుకున్నాడు.

పోశవ్వ బతికింది. రెండు కాలివేళ్ళు పోయాయి, కాలు కొంచెం ఈడుస్తుంది. నేను చేసింది బోటు ముఖం ఇటు తిప్పించడం. అంతే. తక్కువని అనను. కానీ బోటును ఆ స్లాబు దగ్గరికి పిలిచింది నా కేబుల్ కాదు.

వాన వెలిశాక మమ్మల్ని వెనక్కి పిలిచారు. కామారెడ్డి పోయే ముందు బోటును ట్రక్కెక్కించడానికి వాగు గట్టుకు పోయాం. నీళ్ళ అవతల బడి కనిపించింది. జనం లేరు. స్లాబు అంచున జెండా కట్టే ఇనుప పైపు. దాని కొసన ఎర్ర చీర, సగం చిరిగి, గాలికి లేచి పడుతోంది. ఆ పైపు కొస అందాలంటే పిట్టగోడ మీద నిలబడి, కింద వరద పారుతుండగా, రెండు చేతులూ వదిలి కట్టాలి. సర్వీసులో చాలా జెండాలకు సెల్యూట్ కొట్టాను. కళ్ళు మూసుకుంటే కనపడేది అదొక్కటే.

రిటైరయి వచ్చాక ఆ ఊరు వెళ్ళాను. పోశవ్వ చాయ్ ఇచ్చింది. "నాకు సోయి లేదు అక్కా. నా చీర గాదు," అంది. చీర కట్టేటప్పటికి సాయిలు నీళ్ళల్లో ఉన్నాడు. స్లాబు మీదున్న ఆడవాళ్ళను ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఆమె కట్టిందేమో అని ఈమె, ఈమె కట్టిందేమో అని ఆమె. మగవాళ్ళయితే మిలిటరీవాళ్ళే కట్టారనుకున్నారట. అటెండరమ్మ తన చుట్టాల చేత కూడా అడిగించింది. తేలలేదు.

నన్ను ఆపి పెట్టె సంగతి అడిగేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇప్పుడు నేను అడుగుతున్నాను, తెలిసినవాళ్ళు చెప్పండి. పిట్టగోడ ఎక్కి ఆ చీర కట్టింది ఎవరు?