అరటికాయ గిన్నెలో లవంగం

బాలమణి అక్క పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆమె తమ్ముడు యాదగిరి. సంతోష్‌నగర్‌లో మా ఇంటి వీధి గదిలో నేను నడుపుకునే చిన్న సాండ్‌విచ్ దుకాణానికి పాలూ వెన్నా వేసేది అతనే. ఆ పొద్దున పెనం మీద వెన్న వేసి రొట్టె ముక్క పరవబోతున్నాను. యాదగిరి పాల క్యాను కింద పెట్టలేదు. గుమ్మంలోనే నిలబడి, "చెల్లె, అక్క పోయింది. తెల్లారంగ, నిద్రల్నే" అన్నాడు. రొట్టె ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. వెన్న గోధుమరంగు దాటి నల్లబడి, ఆ మాడు వాసన గదంతా కమ్మింది. అతనే లోపలికి వచ్చి మంట ఆర్పాడు. "ఏంది చెల్లె, అక్క చూస్తే తిడతది" అని, ఆ మాట తనకే వినబడినట్టు తల తిప్పుకున్నాడు. మాడిన వెన్న వాసన బాలమణి అక్కకు గిట్టేది కాదు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. గౌలిపురలో ఆ సందు దాటితే ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. నాన్నగారికి ప్రభుత్వాఫీసులో ఉద్యోగం వచ్చి తెనాలి వైపు నుంచి ఈ ఊరొచ్చి, గౌలిపురలో ఒక పాత ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. అమ్మే నాకు చదువు చెప్పింది. వంటింటి కిటికీ పక్కన కూర్చోబెట్టి లెక్కలూ తెలుగూ, సాయంత్రం దీపం పెట్టాక స్తోత్రాలూ. ఆ చదువుకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను. కానీ ఆ కిటికీ పక్కన నాకు చదువుతో పాటు భయం కూడా అబ్బింది. దుమ్ము వస్తుందేమో, ఊపిరి ఆడదేమో, ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో. అందరూ "భయపడకు, భయపడకు" అనేవారు. ఎలా భయపడకుండా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పద్దెనిమిది నిండినా ఒంటరిగా సందు చివరిదాకా వెళ్ళి ఎరగను.

ఆ సందు మొదట్లోనే బాలమణి అక్క దుకాణం. దుకాణమంటే రోడ్డు మీదికి షటర్ తెరుచుకునే ఒక్క గది, ఇక్కడ మల్గీ అంటారు. లోపల గ్యాస్ పొయ్యి, బయట ఒక బల్ల, నాలుగు స్టూళ్ళు. ఆమెది పాలవాళ్ళ ఇల్లు. భర్త పోయాక గేదెల పని తమ్ముడికి వదిలేసి, ఇంటి వెన్న ఉందన్న ధైర్యంతో టోస్ట్ సాండ్‌విచ్‌లు మొదలుపెట్టింది. రొట్టెకు వెన్నా కొత్తిమీర పచ్చడీ రాసి, కీరా, టమాటా, ఉడికించి పసుపూ మిరియం వేసి మెదిపిన ఆలూ పెట్టి, పొడుగు పిడులున్న ఇనుప అచ్చులో బిగించి మంట మీద అటూ ఇటూ తిప్పేది. కాలేజీ పిల్లలు "అక్కా, ఆలూ ఇంకింత వెయ్యరాదు" అని గోల చేస్తే, "ఎక్కువేస్తే రొట్టె నోరు మూసుకోదురా, నీ తీర్గనే" అనేది.

ఒకరోజు ఆమె మా ఇంటికొచ్చి అమ్మతో, "పిల్లను పగటీలి నా దగ్గరికి తోలియ్యమ్మా. కీరాలు కోస్తది, నాకు తోడుంటది" అంది. అమ్మ జంకింది. "దానికి పొగ పడదమ్మా" అంది. "పొగ దిక్కు నేనుంట, గాలి దిక్కు అది ఉంటది" అంది అక్క. అమ్మ ఎందుకు ఒప్పుకుందో నాకిప్పటికీ తెలియదు. దేవుడే ఆమె నోట ఔననిపించాడనుకుంటాను.

మొదటిరోజు నాకు ప్లేటు ఇచ్చి బల్ల దగ్గరికి పంపింది. ప్లేటు గలగలలాడింది.

"చేతులెందుకు వణుకుతున్నయ్ బిడ్డా?"

"భయంగా ఉందక్కా."

"దేనికి?"

"తిన్నవాళ్ళకు ఏమైనా అవుతుందేమోనని."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, "గా భయం మంచిదే. గరిటె పట్టినోళ్ళకు ఉండాలె. ఉండనియ్" అంది. ఆ మర్నాటి నుంచి నాకొక పని అప్పజెప్పింది. రొట్టె వచ్చాక ఒక్కో ముక్కనూ వెలుతురుకు ఎత్తి బూజు ఉందేమో చూడాలి. పచ్చడి వాసన చూడాలి. వెన్న నాలుకకు తగిలించి చూడాలి. అందరూ వదిలించుకోమన్న భయానికి ఆమె కూర్చోవడానికి ఒక స్టూలు వేసింది.

ఆ గది పై అంతస్తులోనే దాని సొంతదార్లు ఉండేవారు. తరతరాలుగా అక్కడే స్థిరపడిన స్టీలు సామాన్ల వ్యాపారుల కుటుంబం. ఇంటి పెద్ద సేఠ్. ఆయన తల్లిని అందరూ దాదీ అనేవారు. వానాకాలం నాలుగు నెలలూ ఆమెకొక వ్రతం ఉండేది. మట్టిలో ఊరే దుంప ఏదీ తినదు, సూర్యుడు కుంకాక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. కానీ టోస్ట్ అంటే ఆమెకు చిన్నపిల్లల ఇష్టం. గాలికని చెప్పి సాయంత్రం మెట్లు దిగి వచ్చేది. కోడళ్ళు తెలియనట్టే ఉండేవారు. ఆమె కోసం అక్క ఆలూకి బదులు పచ్చి అరటికాయ ఉడికించి మెదిపేది. అదీ పసుపు వేస్తే అచ్చం ఆలూలాగే ఉంటుంది. అందుకని అరటికాయ గిన్నెలో పైన ఒక లవంగం గుచ్చి ఉంచేది, గుర్తుగా. దాదీ స్టూలు మీద కూర్చుని, కుంకబోతున్న సూర్యుడి వైపు చెయ్యి చూపుతూ, "బాలమణీ, ముందు సూరజ్‌ను చూడు, మళ్ళా నన్ను చూడు. తొందరగా కానీ" అనేది. అక్క చేతిది తప్ప ఆ నాలుగు నెలల్లో ఆమె బయట ఏదీ ముట్టేది కాదు.

సేఠ్‌కు మాత్రం ఆ దుకాణం మీద మనసు లేదు. సెల్‌ఫోన్ల దుకాణం పెడతామని ఎవరో గది అడుగుతున్నారు. "ఏదో మా అమ్మ మాట మీద ఉన్నారు మీరు" అని ఆయన అక్కతో నా ఎదుటే అన్నాడు. ఆ రోజు నుంచి పైన తలుపు చప్పుడైనా నాకు గుండె దడే. ఆ గది పోతే అక్కకు బతుకుతెరువు పోతుంది. నాకేమో లోకమంటే అదొక్కటే. మళ్ళీ వంటింటి కిటికీయే.

ఆ ఆషాఢంలో ఒక సాయంత్రం మబ్బు పట్టి, వేళ కాకుండానే చీకటై, కరెంటు పోయింది. వాన మొదలైంది. దాదీ తడుస్తూ దిగి వచ్చింది. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియక ఆమె తొందర, ఆమెను చూసి అక్క తొందర. మంట వెలుగులోనే గిన్నె అందుకుని, ముక్క పరిచి, అచ్చు బిగించి కాల్చి ఇచ్చింది. దాదీ తృప్తిగా తిని, నీళ్ళు తాగి, అక్క గడ్డం పట్టుకుని ముద్దాడి పైకి వెళ్ళింది. కాసేపటికి కరెంటు వచ్చింది. నేను గిన్నెలు సర్దుతున్నాను. అరటికాయ గిన్నె నిండుగా, నున్నగా, లవంగంతో అలాగే ఉంది. ఆలూ గిన్నెలో గరిటె పెట్టిన గుంట ఉంది. అక్క నా వెనకే నిలబడి చూస్తోంది.

మర్నాడు పొద్దున పాలు తెచ్చిన యాదగిరికి అక్క సంగతి చెప్పింది. పైకి పోయి దాదీకి చెప్పేస్తానంది. అతను క్యాను దించి తల పట్టుకున్నాడు.

"అక్కా, నీకేమన్న పిచ్చా? గా ముసలామెకు ఎరుకనా? లేదు."

"దేవునికి ఎరుక."

"ఎరుకైతే ఎరుక. దేవుడొచ్చి మల్గీ ఖాళీ చెయ్యమంటడా? సేఠ్ అంటడు. ఆయనకు సాకు దొరకాలె గంతే."

"రేపు మళ్ళ ఆమె ముంగట కూసుంటది గద తమ్మీ. ఏ మొఖం పెట్టుకుని రొట్టె కోయాలె?"

"గీ మొఖమే పెట్టుకో. మస్తుగుంది" అన్నాడు యాదగిరి కోపంగా. అక్కకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. అక్క చేతులు కడుక్కుని, కొంగు నిండుగా కప్పుకుని, "నడువ్ బిడ్డా. ఒక్కదాన్ని పోతే నాకు నోరు పెగలదు" అంది నాతో. ఆ మెట్లు ఎక్కుతుంటే నాకు ఊపిరి సగమే అందుతోంది. నా ఇష్టదైవాన్ని తలుచుకుంటూ ఎక్కాను. ఏం కోరుకోవాలో తెలియక పేరు మాత్రమే తలుచుకున్నాను.

దాదీ జపమాల తిప్పుతోంది. అక్క చాప చివర కూర్చుని చెప్పింది. చీకటని అనలేదు, వానని అనలేదు, నువ్వు తొందరపెట్టావనీ అనలేదు. "నిన్న నీకు ఆలూ పెట్టిన దాదీ. నా చేతుల్నే తప్పు జరిగింది" అంది. మాల ఆగింది. దాదీ అక్కను చూసింది. "ఆలూ?" అంది. "ఆలూనే" అంది అక్క. ముసలామె కళ్ళు మూసుకుంది. మా వెనక గుమ్మంలో సేఠ్ గొంతు లేచింది. వ్రతం మీద ఉన్న తల్లి, ఆమె నమ్మకం, ఇన్నేళ్ళ మర్యాద, ఇక చాలు, నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. అక్క అన్నిటికీ తలూపింది. దాదీ లేచి లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. సేఠ్ మాటలకన్నా ఆ తలుపు చప్పుడుకే నేను ఎక్కువ భయపడ్డాను.

దాదీ ప్రాయశ్చిత్తంగా ఉపవాసం పట్టిందని పనిమనిషి చెప్పింది. ఆ వయసులో ఉపవాసమంటే ఏమవుతుందోనని నాకు కొత్త దిగులు. అక్క కూడా పొద్దంతా ఏమీ తినేది కాదు. అడిగితే ఆకలి లేదనేది. వీధిలో మాట పాకింది. ఆ వ్రతం పట్టే ఇళ్ళవాళ్ళు మా వైపు చూడకుండా దాటిపోసాగారు. అయినా అక్క రోజూ అరటికాయ ఉడికించేది, మెదిపేది, లవంగం గుచ్చి మూత పెట్టేది. అడిగేవాళ్ళు లేరు. పొద్దు కుంకాక దాన్ని మేమే అన్నంలో కలుపుకుని తినేవాళ్ళం. "భయం వేయలేదా అక్కా చెప్పడానికి?" అని అడిగాను అలాంటి ఒక సాయంత్రం.

"ఎందుకెయ్యలేదు, మస్తేసింది. చెప్పకముందు భయంతోని అన్నం దిగలే. చెప్పినంక భయంతోని నిద్ర వస్తలే. రెండోదే నయం బిడ్డా. పొద్దుగాల లేచి షటర్ ఎత్తెతందుకు సత్తువ ఉంటది."

నెలాఖరు దగ్గరపడింది. స్టూళ్ళు తమ్ముడి ఇంటికి పంపాలని అక్క మాట్లాడుతోంది. ఆ రోజు మబ్బు లేదు. మెట్ల మీద చప్పుడైంది. దాదీ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. ముఖం చిక్కిపోయింది. వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. ఎండ వైపు చూసింది. "సూరజ్ ఉన్నాడు. తొందరగా కానీ" అంది.

అక్క రొట్టె అందుకుంది. అప్పుడు చూశాను, ఆమె చేతులు వణుకుతున్నాయి. కత్తి బల్ల మీద పెట్టేసి, "నువ్వు చెయ్యి బిడ్డా" అంది. నేను చేశాను. రొట్టె వెలుతురుకు ఎత్తి చూశాను. అరటికాయ గిన్నె మూత తీసి దాదీ ముందు పెట్టి లవంగం చూపించాను. ఆలూ గిన్నె ఎత్తి లోపలి అరలో దూరంగా పెట్టాను. కొంచెం ముద్ద విడిగా తీసి అక్క చేతిలో వేశాను. ఆమె నోట్లో వేసుకుని, కళ్ళతోనే అవునంది. అచ్చు మంట మీద తిప్పుతుంటే సేఠ్ మెట్ల మీదికి వచ్చాడు. దాదీ ఆయన వైపు తిరగకుండానే మాట్లాడింది. మేమూ వినాలనేమో, తెలుగులోనే అంది. "ఈమె చెప్పింది కాబట్టి నీకు గుస్సా వచ్చింది. చెప్పనోళ్ళు నాకు ఏమేం తినిపించిండ్రో నాకే తెల్వదు. ఎవరి చేతిది తినాలె నేను? ఈమెను ఉండనీ." తర్వాత కొంగు కింది నుంచి ఒక ఇత్తడి గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. "అరటికాయ ఇక దీంట్లో పెట్టు. నమ్మకం ఉంది. గిన్నె కూడా ఉండనీ."

గది నిలబడింది. వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది మాత్రం తిరిగి రాలేదు. అక్క వాళ్ళను ఒక్క మాట అనలేదు. ఆ ఏటి నుంచి వానాకాలం నాలుగు నెలలూ దుకాణంలో ఆలూ మానేసింది. కాలేజీ పిల్లలు మొదట లొల్లి చేశారు, తర్వాత అరటికాయకే అలవాటు పడ్డారు. పెళ్ళై సంతోష్‌నగర్ వచ్చేదాకా నేను ఆమె పక్కనే గాలి వైపు కూర్చున్నాను.

నాకు భయం ఇప్పటికీ పోలేదు. మా దుకాణంలో ఎవరు కూర్చున్నా, వాళ్ళు అడగకముందే పచ్చడిలో పల్లీలు ఉన్నాయని చెబుతాను. కొందరు విసుక్కుంటారు. మొన్న ఒక తల్లి మాత్రం తన పిల్లవాడి ముందు నుంచి ప్లేటు చప్పున లాగేసింది. వాడు పల్లీ తింటే గొంతు వాస్తుందట. ఆమె నాకు దండం పెట్టబోయింది. అది నాకు చెందేది కాదని ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రి దేవుడి ముందు కూర్చుని బాలమణి అక్కకు ఆరోగ్యం ఇవ్వమని అడిగాను. ఆమె అప్పటికే మంచం పట్టి ఉంది. దేవుడు ఇచ్చినన్నాళ్ళు ఇచ్చాడు, అదీ దయే.

మీరు ఏ దేవుణ్ణి కొలుస్తారో నాకు తెలియదు. ఏ సందులోనో ఆకలేసి ఆగి, పేరు కూడా తెలియని మనిషి చేతి నుంచి ప్లేటు అందుకుని, ఏమీ అడగకుండా తిని, క్షేమంగా ఇల్లు చేరిన రోజులు మీకూ ఉండే ఉంటాయి. ఈసారి అలా తినేటప్పుడు, మొదటి ముక్కకు ముందు, గౌలిపుర బాలమణిని ఒక్కసారి తలుచుకోండి.