ఒక్క ఇల్లే కదిలిన బంటు

జగిత్యాలలో పెట్రోల్ బంకు దగ్గర బండి ఆపిన ప్రతిసారీ నాకు ఖాసిం చాచా గుర్తొస్తాడు. కోరుట్లలో మా పక్కింటాయన, వాచీలు బాగుచేసేవాడు. గిన్నెలో పెట్రోలు పోసి పళ్లచక్రాలు కడుగుతూనే నాకు చదరంగం నేర్పాడు. ఏటవాలుగా నడిచే ఒంటె అంటే ఆయనకు ప్రాణం. "బంటు ఎప్పుడన్న ఒక్క ఇల్లే పోతది బిడ్డా. ముందుగాల గుర్రం ముందటి పక్క బంటును జరిపి ఒంటెకు తలుపు తియ్యి. నడిమిట్ల కొట్లాడేటోళ్లను కొట్లాడనియ్యి" అనేవాడు.

తొమ్మిదో తరగతిలో సిరిసిల్ల పోటీకి వెళ్లాను. మొదటి ఆటలోనే ఓడితే చదరంగం మానేయాలని నాన్న షరతు. తెల్లపావులు నావి. పక్క బంటును ఒక్క ఇల్లు జరిపాను. ఎదుటి అబ్బాయి తన నడిమి బంటును ఏకంగా రెండిళ్లు దూకించాడు.

"సార్, గీ పిలగాడు రెండిండ్లు జరిపిండు!" అని చెయ్యెత్తి అరిచాను.

హాలంతా నవ్వింది. మొదటి ఎత్తులో బంటు రెండిళ్లు పోవచ్చని పోటీ నడిపే సారు మెల్లగా చెప్పాడు. చాచాకు తెలియదా? తెలిసే చెప్పలేదా? ఆ అయోమయంలోనే ఆడాను. రెండిళ్లు జరపడానికి నాకు చెయ్యి రాలేదు. అతని బంట్లు నడుమ కిక్కిరిసి ఉంటే, నా ఒంటె మూల నుంచి మూలకు చూస్తూ కూర్చుంది. చివరికి దాని అండతోనే నా మంత్రి వెళ్లి అతని రాజు ముందు నిలబడింది. ఆటకట్టు.

"పెద్ద ఆటగాళ్లు గిట్లనే పక్కకెల్లి మొదలువెడ్తరు. ఎవరు నేర్పిండ్రమ్మా?" అని అదే సారు అడిగాడు.

ఇంటికి రాగానే చాచా మీదికి వెళ్లాను. "బంటు రెండిండ్లు పోతదట చాచా! నాకెందుకు చెప్పలే?"

"గెలిచినవా లేదా, గది చెప్పు." కంటికి భూతద్దం తగిలించుకుని తల దించుకున్నాడు. ముఖం కనబడలేదు. "గట్ల దూకి ఎదుటోని బంటు నా బంటు పక్కకచ్చి నిలవడితే, దాన్ని కొట్టచ్చునా?" అన్నాడు.

"తెల్వది" అన్నాను కోపంగా.

అలా దూకిన బంటును పక్క బంటుతో కొట్టే నియమం నిజంగానే ఉందని నాకు తెలిసేసరికి చాచా పోయి ఏడాదైంది. తెలిసే అడిగాడో, అప్పటికప్పుడు తోచి అడిగాడో! ఆయన మీద కోపం ఇంకా పోలేదు, బెంగా పోలేదు.

ఇప్పుడు పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. రెండిళ్ల సంగతి మొదటి రోజే చెప్పేస్తాను. నేను మాత్రం తెల్లపావులు తీసుకుంటే ఆ పక్క బంటును ఒక్క ఇల్లే జరుపుతాను.

"రెండిండ్లు పోవచ్చు గద మేడం, ఒక్కటే ఎందుకు?" అని మొన్న ఒక పాప అడిగింది.

నాకూ తెలియదు. "ముందుగాల ఆడు బిడ్డా" అని, చాచాలాగే తల దించుకున్నాను.