మామిడి కొట్టులో విమానం

1986 జూన్ చివర్లో, చాట్రాయి దగ్గర ఒక మామిడి తోటలో, మద్రాసు నుంచి వచ్చిన విమానయాన శాఖ ఇన్‌స్పెక్టరు విమానం రెక్క మీద వేలితో ఒక చదరం గీసి, లోపలి చెక్క చూడటానికి అక్కడ గుడ్డ కోయమన్నారు. కోయాల్సింది యజమానే. శోభనాద్రిరావు గారు బ్లేడు పట్టుకుని నిలబడిపోయారు. పక్కనే ఉన్న తోడల్లుడు రంగారావు గారు ముందుకొచ్చారు.

"ఎంతసేపు నిలబడతావు తమ్ముడూ, నన్ను కొయ్యమంటావా?"

"నీకా సరదా తీరనివ్వను అన్నయ్యా. పక్కకి జరుగు."

నేనప్పుడు ఒక దినపత్రికకు నూజివీడు విలేఖరిని. ఆ విమానానికి మన దేశపు నంబరు వచ్చిన రోజు ఫొటోతో సహా వార్త పంపమనీ, అంతకుముందు ఒక్క ముక్క కూడా వద్దనీ విజయవాడ డెస్కువాళ్లు చెప్పారు.

అది ఫ్యాక్టరీలో తయారైంది కాదు. ఇంగ్లండులో ఒక బడి పంతులు తన కారు షెడ్డులో చెక్కతో చట్రం కట్టి, పైన గుడ్డ బిగించి చేసుకున్నది. వీటిని హోంబిల్ట్ అంటారు. మద్రాసులో చదివే రోజుల్లో విమానం నడపడం నేర్చుకున్న శోభనాద్రిరావు గారు ఒక పత్రికలో ప్రకటన చూసి దాన్ని కొన్నారు. ఢిల్లీ నుంచి దిగుమతి అనుమతి తెచ్చుకున్నారు. విమానం ఒకేసారి రెండు దేశాల రిజిస్టర్లలో ఉండకూడదు కాబట్టి, ఓడ ఎక్కకముందే ఇంగ్లండులో దాని నమోదు కొట్టేయించారు. హార్బరులో కస్టమ్స్ పని ముగించి, విమానం భాగాలున్న పెట్టెలను లారీలో ఇంటికి తెచ్చారు. ఇక మిగిలింది ఇక్కడి నమోదు. వెనక పూచీ పడే కంపెనీ ఏదీ లేదు కాబట్టి, తనిఖీ అయ్యాకే మన దేశపు విమానాలకుండే, వీటీతో మొదలయ్యే నంబరు అక్షరాలు ఇస్తామని అధికారులు చెప్పారు. ఈయన ఆగలేదు. మంచిరోజు చూసి, నూజివీడులో లారీలకు పేర్లు రాసే పెయింటరును పిలిపించి, విమానం పక్కన 'వీటీ' అనీ, తర్వాత ఒక గీతా రాయించారు. ఆపైన మూడు అక్షరాలకు చోటు వదిలారు.

తోడల్లుళ్ల మధ్య పోటీ ఊరందరికీ తెలిసిందే. పెద్దల్లుడు రంగారావు గారిది నూజివీడులో మామిడి వ్యాపారం. అంబాసిడర్ కారూ, కలర్ టీవీ ఆ కుటుంబంలో ముందు కొన్నది ఆయనే. విమానం మాట బయటికి వచ్చాక మామగారు కూడా ఏ మాటైనా "మా చిన్నల్లుడు" అనే మొదలుపెట్టేవారు. రంగారావు గారు తన అసూయను దాచుకునే మనిషి కాదు. "ఎగిరేది ఈయన, మెడ నొప్పి నాకు," అని నాతోనే అన్నారు.

అయినా పెట్టెలు దిగినప్పుడు, నూజివీడులో గచ్చు వేసిన తన గోడౌను ఖాళీగా ఉంది, వాడుకోమని ఆయనే కబురు పంపారు. శోభనాద్రిరావు గారు ఒప్పుకోలేదు. "ఆయన కన్ను పడితే రాయి కూడా పగులుద్దండీ," అన్నారు నాతో. అందరి కళ్లకూ దూరంగా ఉంటుందని, తోటలో కిటికీల్లేని కొట్టులో పెట్టి తాళం వేశారు. అది మామిడికాయలు మాగబెట్టే కొట్టు. గాలి ఆడకుండా, లోపలి వేడి బయటికి పోకుండా కట్టింది. ఏప్రిల్, మే నెలల్లో ఆ కొట్టులో ఒక పక్క వరిగడ్డిలో రసాలు, ఇంకో పక్క రెక్కలు. గుమ్మానికి మాత్రం గుమ్మడికాయ కట్టారు.

తనిఖీ రోజు తలుపు తీయగానే ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే ఆగి, "ఇక్కడ పళ్లుండేవా?" అని అడిగారు. గుడ్డ కోశాక టార్చిలైటు వేసి చాలాసేపు చూశారు. చెక్కలు కలిసేచోట జిగురు మీద బూజు పట్టి ఉంది. పాలవిరుగుడుతో చేసే పాతకాలపు జిగురు అది, చెమ్మకు ఆగదు. ఆయన చాకు మొన పెట్టి నొక్కితే ఒక అతుకు విడిపోయింది. గుడ్డంతా ఒలిచి, ప్రతి అతుకూ మళ్లీ వేసి, ఒక్కో దశా చూపిస్తేనే నమోదు సంగతి అన్నారు.

"నా గోడౌనులో పెట్టుకోమన్నానా లేదా?" అన్నారు రంగారావు గారు.

"ఓడలో పట్టిన చెమ్మ అయ్యుంటుంది," అన్నారు శోభనాద్రిరావు గారు, ఆయన వైపు చూడకుండా.

ఎక్కడ పట్టిందో తను చెప్పలేనన్నారు ఇన్‌స్పెక్టరు. నేను డెస్కుకు ఫోన్ చేసి వార్త లేదని చెప్పాను.

ఫలానావాడు ఫలానావాడి మీద ఏడుస్తున్నాడని చెప్పేవాళ్లు విలేఖరికి రోజూ తగులుతారు. అంతకుముందు నేను ఏడ్చేవాడి దగ్గరికే వెళ్లేవాణ్ణి. ఆ తర్వాత, ఆ ఏడుపుకు భయపడేవాడు ఏం చేస్తున్నాడో ముందు చూసి రావడం అలవాటు చేసుకున్నాను.

అతుకులు మళ్లీ వేయించడం జరగలేదు. ఇంగ్లండు రిజిస్టరులో కొట్టేసిన ఆ విమానం మన రిజిస్టరుకు ఎక్కలేదు. చెమ్మ ఓడలో పట్టిందా, కొట్టులో పట్టిందా అన్నది తోడల్లుళ్ల మధ్య తేలలేదు. నేను చివరిసారి చూసినప్పుడు 'వీటీ' పక్కన గీత, దాని తర్వాత మూడు అక్షరాల ఖాళీ అలాగే ఉన్నాయి.