ఎన్ని మార్కులది?

పిల్లలు ఆవిడకి పెట్టుకున్న పేరు ‘ఎందుకు టీచరు’. క్లాసులోకి రాగానే సైన్సు పుస్తకం మూసేసి, సుద్ద అంటిన వేళ్లు చేతిరుమాలుకి తుడుచుకుంటూ, “ఇవాళ నేను చెప్పను, ఏది ఎందుకో మీరే అడగండి” అంటుంది. ఆ తర్వాత బల్లకి ఆనుకుని, మెడ కాస్త ముందుకు చాచి, ఏ మూల నుంచైనా ఓ గొంతు పెగులుతుందేమోనని చూస్తుంది. పిల్లలు తలలు దించుకుంటారు. పక్క క్లాసువాళ్లు పాఠం వల్లెవేయడం గోడ దాటి వినిపిస్తుంది. “మీ గదిలో చడీచప్పుడూ ఉండదేంటమ్మా, పాఠం చెప్తున్నారా?” అని హెడ్మాస్టరు చురక వేసి పోతాడు.

ఆ రోజు ఆవిడ గాజు గ్లాసులో మంచుముక్కలు వేసి బల్లమీద పెట్టింది. గ్లాసు బయట చెమ్మ పట్టి, నీటిబొట్లు మెల్లగా జారాయి. క్లాసంతా ముందుకి వంగింది. ఎన్నడూ నోరు విప్పని వెనకబెంచీ పిల్ల చెయ్యెత్తింది. టీచరుకి ప్రాణం లేచొచ్చింది.

“అడుగు తల్లీ, అడుగు!”

“ఎన్ని మార్కుల ప్రశ్న అడగాలి టీచర్? రెండు మార్కులదా, నాలుగు మార్కులదా?”

ఎవరూ నవ్వలేదు. అందరికీ అదే సందేహం. ఆవిడ గ్లాసు పక్కకి జరిపి, పుస్తకం తెరిచింది.

“నాలుగు మార్కులది. రాసుకోండి.”

క్లాసుకి ప్రాణం వచ్చినట్టు, పెన్నుల మూతలు టకటకా ఊడాయి.