అవ్వ రాగికాగు

ఆస్తులు పోయాక, ప్రొద్దుటూరులో తాతగారి కారు షెడ్డులో వెల్డింగు మిషను పెట్టాను. దానికి పెద్ద కరెంటు లైను లాగింది, కరెంటు పని చేసే మా చిన్నాన్న కొడుకు ఓబులేసు. షాకు కొట్టకుండా ఎర్తు గుంతలో రాగిరేకు పాతాలన్నాడు. ఇంట్లో మిగిలిన రాగి అవ్వ నీళ్లకాగు ఒక్కటే. రేకు కొట్టించమని ఇచ్చేశాను.

"నేను పూడ్చినాక నీకు భయమేందన్నా?" అన్నాడు.

మొదటిరోజే మిషను తాకగానే షాకు కొట్టి గోడకు గుద్దుకుని పడ్డాను. కుడిచేయి లేవలేదు. గుంత తవ్విస్తే ఉప్పు, బొగ్గులు, ఉత్త తీగ కొస కనిపించాయి. రేకు లేదు.

అడుగుదామని ఓబులేసు ఇంటికి వెళ్లాను. పెరట్లో పొయ్యి మీద అవ్వ కాగు ఉంది.

"చెయ్యి పట్టుకుండావేందన్నా? నీళ్లు కాగుతాండాయి. పోసుకుంటే తగ్గుతాది" అన్నాడు.

ఇచ్చిన వస్తువును తిరిగి అడగడం మా ఇంట లేదు. వెనుదిరిగి వచ్చేశాను. చేయి కుదుటపడింది గానీ, ఆ ఇంట ఈనాటికీ మంచినీళ్లు ముట్టను.