బంద్ రోజుల్లో మా సారు చూపించిన ఊరు

పాఠక మహాశయులకు ముందుగా క్షమాపణలు. నాలుగు కాళ్లతో సాహిత్యంలోకి అడుగుపెట్టినందుకు, పెట్టేముందు ఆ కాళ్లు తుడుచుకోనందుకు, నన్ను చూసి రేపు సందుకో కుక్క స్మృతి వ్యాసం మొదలుపెడితే తెలుగు భాషకు వాటిల్లబోయే నష్టానికి, యావత్ శునకజాతి తరఫున చెవులు వాల్చి మన్నింపు కోరుతున్నాను. కోరాను కనుక మొదలుపెడుతున్నాను. మా సారు మొన్న గురువారం పొద్దున పోయారు.

కబురు ఫోన్లో వచ్చింది, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన లెక్కలు చెప్పే కోచింగ్ సెంటర్ నుంచి. బోర్డు మీద లెక్క రాసి, పిల్లల వైపు తిరగబోతూ, తిరక్కుండానే కూలబడిపోయారట. టీచరమ్మ, అంటే ఆయన భార్య, ఫోను పెట్టేసి, అప్పటికే కడిగిపెట్టిన బియ్యాన్ని మళ్లీ కడిగింది. నీళ్లు వంపింది. మళ్లీ కడిగింది. కుక్కలకు ఇలాంటివి ముందే తెలుస్తాయని, ఆకాశం వైపు చూసి ఊళ పెడతాయని మీరు విని ఉంటారు. నాకేమీ తెలియలేదు. నేను ఊళ పెట్టలేదు. గుమ్మంలో కూర్చుని బియ్యం చూశాను.

నా పేరు డస్టర్. నల్లటి ఒళ్లు, మీద సుద్దపొడి రాలినట్టు తెల్ల మచ్చలు. సెంటర్ మెట్ల కింద వానలో దొరికితే సారు తన సంచిలో, జవాబు పత్రాల మీద కూర్చోబెట్టి కొత్తపేటకు తెచ్చారు. ఆ పత్రాల మీద నేను చేసిన పని వల్ల కొందరు విద్యార్థులు లాభపడ్డారని అంటారు. సాయంత్రాలు ముందు గదిలో ట్యూషన్ జరిగేది. నా చోటు బల్ల కింద. ఆ విధంగా నేను కాలేజీ చదువు చదివినవాణ్ని. ఇంటర్ లెక్కలు మొత్తం విన్నాను. పాసవలేదు. బల్ల పైన కూర్చుని విన్నవాళ్లలోనూ చాలామంది పాసవలేదు కాబట్టి దాన్ని నా జాతికి అంటగట్టొద్దని మనవి.

ఆయన మాటల్లో ఎక్కువసార్లు విన్నది ఒకటుంది. “జవాబొక్కటే రాస్తే నేను మార్కులివ్వను. ఎలా వచ్చిందో స్టెప్పులు రాయి.” పాలు పొంగితే టీచరమ్మతోనూ అదే అనేవారు. “పొంగిందని కాదండీ, ఎలా పొంగిందో చెప్పండి.” టీచరమ్మ గరిటె చూపించేది. “గిట్ల పొంగింది.”

మా సారుది తెనాలి దగ్గర పల్లె. టీచరమ్మది నల్లగొండ వైపు ఊరు, సర్కారు బడిలో ఉద్యోగం. ఆయన ఆమెను “టీచరుగారూ” అనేవారు, ఆమె ఆయన్ని “సారు” అనేది. పెళ్లికి ముందు ఒకే బడిలో పనిచేసినప్పటి పిలుపులు. పెళ్లయ్యాక మార్చుకోవడం ఇద్దరికీ తోచలేదు. పిల్లల్లేరు. ఇంట్లో రెండు తెలుగులుండేవి. నన్ను ఒకరు “రారా” అనేవారు, ఒకరు “రా బిడ్డ” అనేవారు. రెండింటికీ వెళ్లేవాణ్ని. అన్నం రెండు వైపులా ఉండేది.

అలాంటి ఇంటికి ఉద్యమం రోజుల్లో ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. సెంటర్ వాళ్లు విజయవాడలో కొత్త బ్రాంచి తెరిచి సారును రమ్మన్నారు. తెనాలి నుంచి తమ్ముడుగారు రోజూ ఫోన్. “రాష్ట్రం విడిపోతే అక్కడేం చేస్తావు అన్నయ్యా, ఇల్లు అమ్మేసి వచ్చెయ్.” సారు వింటారు, “చూద్దాంరా” అంటారు, పెట్టేస్తారు. టీచరమ్మ కూరగాయలు తరుగుతూ అడిగేది.

“ఏమంటున్నడు మరిది?”

“మామూలే.”

“నువ్వేమన్నవ్?”

“చూద్దామన్నాను.”

“ఏం చూస్తవ్? ఇన్నేండ్ల సంది ఈ ఊర్ల ఉంటున్నవ్, గోల్కొండ చూడలే, జూపార్కు చూడలే. పోయేటోనివి చూసి పో.”

ఆమె కోపంతో అన్న ఆ మాటను ఆయన కార్యక్రమంగా తీసుకున్నారు. లెక్కల మాస్టారికి ఎత్తిపొడుపు ఇవ్వకూడదు. ఇస్తే సాధించి చూపిస్తాడు.

ఇక్కడొక చిక్కుంది. సారుకు సెలవుండదు. ఆదివారాలు పరీక్షలు, పండగలకు ప్రత్యేక తరగతులు. సెంటర్ మూసేది బంద్ రోజున మాత్రమే. ఆ రోజు టీచరమ్మ బడికీ సెలవే. అందుకని బంద్ పిలుపు పేపర్లో కనబడగానే మా ఇంట్లో పులిహోరకు చింతపండు నానేది. స్కూటర్ మీద ముందు నేను, నడుమ సారు, వెనక టిఫిన్ డబ్బాతో టీచరమ్మ. రోడ్లు ఖాళీ. ఊరంతా మాదే.

బంద్ రోజున చూడదగ్గ ప్రదేశాలకూ బందే అన్న సంగతి మొదటిసారి జూపార్కు గేటు ముందు తెలిసింది. ఇద్దరూ చదువుకున్నవాళ్లు. ఇద్దరికీ తట్టలేదు. సారు తాళం వంక చాలాసేపు చూసి, “సరే, గేటు చూశాం కదా,” అన్నారు. టీచరమ్మ నవ్వు ఆపుకోలేక టిఫిన్ డబ్బా మూత తీసింది. అక్కడే చెట్టు నీడన పులిహోర తిన్నాం. లోపలెక్కడో పులి అరిచింది. నేను స్కూటర్ కిందికి వెళ్లాను, నీడ కోసం.

ఆ తర్వాత తెలిసీ వెళ్లడం మొదలుపెట్టారు. ఇక ఏ ప్రదేశానికీ లోపలికి వెళ్లాలన్న పట్టుదల లేదు. ఈ ఊళ్లో మేము చూసినన్ని గేట్లు ఎవరూ చూసి ఉండరు. మామూలు రోజుల్లో ఇలాంటి చోట్ల మనుషుల్ని రానిచ్చి నన్ను ఆపుతారు. బంద్ రోజున ముగ్గుర్నీ ఆపేవారు. సమానత్వం అనే మాటకు అర్థం నాకు అలా తెలిసింది.

గోల్కొండ తలుపుల బయట సారు మాకు పాఠం చెప్పారు. కింద చప్పట్లు కొడితే కొండమీద వినబడుతుందట. “కొట్టు మరి,” అంది టీచరమ్మ. ఆయన గట్టిగా చప్పట్లు కొట్టారు. ముగ్గురం చెవులు రిక్కించి నిలబడ్డాం.

“ఎవరూ పలకలేదు,” అన్నారు సారు.

“బందు గదా,” అంది టీచరమ్మ.

దారిలో మాత్రం ఒక ఇబ్బంది ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చునేవారు. సారు నోరు తెరిస్తే ఆయన ఊరు బయటికొస్తుంది. ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ రోజుల్లో టీచరమ్మకు “కాకపోవచ్చు” మీద నమ్మకం లేదు. అందుకని ఆయన దవడ చుట్టూ చేతిరుమాలు కట్టి తలమీద ముడేసేది.

“పంటి నొప్పి. దవాఖానకు పోతున్నం,” అని చెప్పేది ఆమె.

“దవాఖానకు కుక్క ఎందుకు ఆంటీ?”

“దానికి గూడ నొస్తుంది.”

కుర్రాడు వంగి నా నోట్లోకి చూశాడు. నేను వైద్యశాస్త్రానికి సహకరించి నోరు తెరిచాను. వదిలేశారు. తర్వాతి బంద్‌కు వాళ్లే ఎదురయ్యారు. “ఇంక తగ్గలేదా అంకుల్‌కు?” ఆ తర్వాతి బంద్‌కు ఒకడు పక్క వీధిలో వాళ్లింటికి పరుగెత్తి లవంగాలు తెచ్చి ఇచ్చాడు. “పంటి కింద పెట్టుకోన్రి అంకుల్, మా నాయనమ్మ పెట్టుకుంటది.” సారు దారి పొడుగునా లవంగం నములుతూ బండి నడిపారు. ఆ రోజు ఆయన నిజంగానే ఏమీ మాట్లాడలేదు.

చివరి ప్రయాణం వనస్థలిపురం పక్కన జింకల పార్కుకు. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరికీ వడ్డిస్తున్నారు. లవంగాలిచ్చిన మా పాత మిత్రులు ఆ పూట మకాం అక్కడికి మార్చారు. స్కూటర్ ఆపి, “తినకుండ పోనియ్యం” అని కూర్చోబెట్టారు. విస్తరాకులో కిచిడీ. నాకు విడిగా ఆకు వేశారు. ఇది చరిత్రలో నమోదు కావాలని నా కోరిక. సారు రుమాలు కొంచెం వదులు చేసుకుని ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద తిన్నారు. ఆయన తప్పు కనబడితే ఊరుకోలేని మనిషి.

“ఉప్పు తక్కువైందండీ,” అన్నారు.

వడ్డించే గరిటె ఆగింది. టీచరమ్మ చెయ్యి నా మెడపట్టీ మీద బిగుసుకుంది. లవంగాల కుర్రాడు ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఏ ఊరు అంకుల్ మీది?”

“కొత్తపేట.”

“అది గాదు. అసలు ఊరు?”

సారు రుమాలు ముడి విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నారు. “ప్రశ్న సరిగ్గా అడగాలి బాబూ. పుట్టింది తెనాలి దగ్గర. ఉంటున్నది కొత్తపేట. నీకు ఏది కావాలి?”

కుర్రాడు రుమాలు దాక్కున్న జేబు వంక చూశాడు. “పన్ను ఎప్పటి సంది మంచిగుంది?”

“మొదట్నుంచీ.”

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆ నవ్వు పొయ్యిల దాకా పాకింది. “లవంగాలు వాపస్ ఇయ్యిన్రి సార్,” అని ఒకడు. “అరే, సార్‌కు ఉప్పు తీస్కరా,” అని ఇంకొకడు. కిచిడీలో ఉప్పు నిజంగానే తక్కువైంది. నేను రుచి చూశాను కాబట్టి సాక్ష్యం చెప్పగలను.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. జింకల పార్కు గేటు దాకా టిఫిన్ డబ్బాను గట్టిగా పట్టుకుని కూర్చుంది. గేటుకు తాళం ఉంది. సారు స్కూటర్ స్టాండు వేశారు.

“గంత మందిల చెప్పినవ్, యాడ పుట్టిన్నో, యాడ ఉంటున్ననో,” అంది ఆమె. “నాకెప్పుడు చెప్తవ్? ఉంటవా, పోతవా? నువ్వు పోదామంటె నేను వస్త. నా నౌకరి ఇడిసిపెట్టి వస్త. ఉంటనంటె ఉందాం. ఏదో ఒకటి చెప్పు. ఎటూ చెప్పకుంట నన్ను గిట్ల గేట్ల పొంటి తిప్పకు.”

సారు వంగి స్టాండు సరిగ్గా పడిందో లేదో చూశారు. ఆమె ఖాళీ సీసా తీసుకుని నీళ్ల కోసం కాపలావాడి గది వైపు వెళ్లింది.

అప్పుడు ఆయన నా పక్కన, గేటుకు వీపు ఆనించి కూర్చున్నారు.

“విజయవాడ వాళ్లకు రానని చెప్పేశానురా,” అన్నారు. “ఈవిడకే చెప్పలేదు. చెబితే ఎందుకుంటున్నావని అడుగుతుంది. జవాబు వచ్చేసింది, స్టెప్పులే కుదరట్లేదు. మీరున్నారు కాబట్టి ఉంటున్నాను టీచరుగారూ అంటే ఒక్క స్టెప్పే అవుతుంది. ఒక్క స్టెప్పుకు ఎవరిస్తారు మార్కులు?”

నేను ఆయన మోకాలి మీద గడ్డం పెట్టాను. నా దగ్గర అంతకుమించి సలహా లేదు. టీచరమ్మ నీళ్లతో వచ్చింది. ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నారు. పులిహోర తిన్నాం. స్టెప్పులు కుదరకముందే గురువారం వచ్చింది.

తమ్ముడుగారు ఆ రాత్రికే చేరారు. మంచి మనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తెల్లవారాక అంబులెన్సు మాట్లాడారు.

“మనూరు తీసుకెళ్దాం వదినా. నాన్న పక్కన చోటుంది. ఇక్కడ అన్నయ్యకెవరున్నారు చెప్పండి? రేపు ఇది వేరే రాష్ట్రం. ఏడాదికోసారి వచ్చి దండం పెట్టుకోడానిక్కూడా పరాయి చోటైపోతుంది.”

టీచరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. నావీ అంతే.

“ఈడ్నే ఉంచాలని నాకున్నది,” అంది. “కానీ ఆయన మనసుల ఏమున్నదో నాకు తెల్వదు. అడిగిన. చెప్పలే. తెల్వకుంట నేనెట్ల ఆపుత?”

ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. బల్ల కింద నా చోట్లో ఉన్నాను. మొరిగితే మొరిగినట్టే ఉంటుంది. ఆ లెక్క నాకు అప్పటికే తెలుసు. మొరగలేదు.

ఆయన్ని అంబులెన్సులోకి ఎక్కించారు. వెనక తలుపు ఇంకా వెయ్యలేదు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు, కిందికి దిగాడు.

“కుక్క లేస్తలేదు సార్.”

సందు ఇరుకు. బండికి అడ్డంగా నేనున్నాను. తమ్ముడుగారు మెల్లిగా అదిలించారు. డ్రైవరు రాయి తీసి మళ్లీ పడేశాడు. “వదినా, మీరు పిలవండి,” అన్నారు తమ్ముడుగారు. టీచరమ్మ గడప దిగి వచ్చింది. “లే, డస్టర్.” నేను లేవలేదు. ఆమె నావైపు చూసింది, తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. ఆ తర్వాత చీర కుచ్చిళ్లు పోగు చేసుకుని నా పక్కన రోడ్డు మీద కూర్చుంది.

“నేను గూడ లేస్త లేను మరిదీ,” అంది. “ఆయన ఈడ్నే ఉంటడు.”

 తమ్ముడుగారు చెప్పులు విప్పి మా మెట్టు మీద కూర్చుని, డ్రైవరు వైపు చెయ్యి ఊపారు. ఇంజను ఆగింది.

డస్టర్ రాస్తారోకో చేసిందని కాలనీలో చెప్పుకుంటున్నారు. సారు మనసులో మాట కనిపెట్టిందని, విశ్వాసమని, ఏవేవో అంటున్నారు. పాఠకులకు అబద్ధం చెప్పను. ఆ చోట రోజూ స్కూటర్ ఆగుతుంది. అక్కడ కారిన ఇంజనాయిల్ మరక ఆయన వాసనే వేస్తుంది. ఉదయం ఎండకు నేల వెచ్చగా ఉంది. నేను వెళ్లి దాని మీద పడుకున్నాను. నేను చేసింది అంతే.

తలుపు తెరిచే ఉంది. లోపల తెల్లగుడ్డ కింద ఆయన పాదాలు రెండు చిన్న గుట్టల్లా లేచి ఉన్నాయి. టీచరమ్మ చెయ్యి నా వీపు మీద ఉంది. ఆ చెయ్యి నిమరడం లేదు, ఊరికే ఉంది. సందు మొదట్లో ఒక ఆటో వచ్చి, మమ్మల్ని చూసి, హారన్ కొట్టకుండా వెనక్కి తిరిగిపోయింది.